డెల్ఫ్ట్‌లో దుబాసీ

బందరులో వలందపాలెం అని ఓ పేట ఉంది. హాలండు వాళ్లను మన పెద్దలు 'వలందాలు' అనేవారు. 1605లో వాళ్ల ఓడ మచిలీపట్నం రేవుకు వచ్చింది. మరుసటేడు గోల్కొండ సుల్తాను దగ్గర అనుమతి తీసుకుని వర్తకం మొదలుపెట్టారు. వాళ్లు వెళ్లిపోయి ఎన్నో తరాలైనా పేట పేరు మాత్రం మిగిలింది. మా పెద్దమ్మ ఇల్లు అక్కడే. ఆవిడ కూతురు, అంటే మా అక్క, ఈమధ్య అసలు వలందాల దేశంలోనే ఇల్లు కొనుక్కుంది.

''వాళ్లు మనూరొచ్చి కొట్టు పెట్టారు. మా పిల్ల వాళ్లూరెళ్లి ఇల్లు కొంది. చెల్లుకు చెల్లు!'' అని పెద్దమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఆ ఇంటి రిజిస్ట్రేషన్‌కూ గృహప్రవేశానికీ కలిపి పదిరోజులు సెలవు పెట్టి వెళ్లాను. హాలండు వెళ్లొచ్చావు కదా, గాలిమరలు చూశావా, తులిప్ తోటలు చూశావా అని ఆఫీసులో అందరూ అడిగారు. చూశాను. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఓ చిన్న గది. అందులో పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, బల్లమీద ఓ దస్తావేజు. దాన్ని ఒకాయన డచ్చిలో గడగడా చదువుతుంటే, పక్కన కూర్చున్న ఓ పెద్దావిడ ఇంగ్లిషులో చెబుతోంది. మా బావ ప్రతి మాటకూ తలూపకుండా ''అంటే?'' అని అడుగుతున్నాడు. ఆ 'అంటే?' అన్న మాట అలవాటు కావడానికి ముందు వాళ్లకు ఏం జరిగిందో చెప్పాలి. అంతకంటే ముందు ఊరి సంగతి.

కర్టెన్లు లేని కిటికీలు

స్కిపోల్ విమానాశ్రయంలో దిగి, అక్కడే కింద రైలెక్కితే ముప్పావుగంట లోపే డెల్ఫ్ట్. స్టేషను భూగర్భంలో ఉంది. మెట్లెక్కి బయటికొస్తే సైకిళ్లే సైకిళ్లు. ఊరి మధ్యలో మార్కెట్ చౌరస్తా. ఒక చివర పురపాలక భవనం, రెండో చివర 'కొత్త చర్చి'. కొత్తది అంటే అయిదారు వందల ఏళ్లనాటిది! 'పాత చర్చి' ఇంకోటుంది. దాని గోపురం పక్కకు ఒరిగి ఉంటుంది. గురువారం సంత. జున్ను, చేపలు, పూలు... మన రైతుబజారు లాగే కేకలు కూడా ఉన్నాయి.

ఊరంతా సన్నటి కాలువలు. ఒడ్డున ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఇటుక ఇళ్లు. పెద్ద పెద్ద కిటికీలు, చాలావాటికి కర్టెన్లు వేయరు. లోపల వాళ్లు భోంచేస్తున్నా, పుస్తకం చదువుకుంటున్నా దారిన పోయేవాళ్లకు కనిపిస్తుంది. అక్కడక్కడా కిటికీలకు బోర్డులు. 'తె కోప్' అంటే అమ్మకానికి ఉంది. 'ఫర్‌కొఖ్త్' అంటే అమ్ముడైంది. 'తె కోప్' బోర్డు కనిపించడమే తరువాయి, నాలుగు రోజుల్లో 'ఫర్‌కొఖ్త్' అయిపోతుందని బావ వాపోయాడు. ఇళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. చెప్పిన ధరకు పైన ఎంతిస్తావో సీలు కవరు టెండరులాగా రాసివ్వాలి. రెండో అవకాశం ఉండదు.

ఇంటి ప్రకటనలో ధర పక్కన 'కే.కే.' అని రెండక్షరాలుంటాయి. 'కోస్టెన్ కోపర్'. మాటకు మాట చెబితే 'ఖర్చులు కొనేవాడు' అని. అంటే బదిలీ పన్ను, దస్తావేజు ఖర్చు కొనేవాడి నెత్తినే. స్వయంగా కాపురం ఉండటానికి కొంటే పన్ను 2 శాతం. 35 ఏళ్ల లోపు వాళ్లకు ఒక ధర దాకా మొదటిసారి మినహాయింపు. కొత్తగా కట్టిన ఇళ్లకు 'ఫ్రై ఆప్ నామ్' అని రాస్తారు. 'పేరుమీదికి ఉచితంగా' అనుకుని మా బావ మొదట తెగ సంబరపడ్డాడట. ఉచితం ఏమీ లేదు, ఆ ఖర్చులన్నీ ధరలోనే కలిపేశారని అర్థం.

కేసులున్న ఇల్లు!

బావ ఆఫీసు హేగ్‌లో. డెల్ఫ్ట్ నుంచి రైల్లో పావుగంట కూడా లేదు. రెండేళ్లు అద్దెకుండి, బందరులోని స్థలం అమ్మి, ఇద్దరి పొదుపూ కలిపి ఇంటి వేట మొదలుపెట్టారు. మూడుసార్లు టెండరు పోయింది. నాలుగోసారి తగిలింది. మూడు పడకగదులు, వెనక చిన్న తోట, నడిచివెళ్లే దూరంలో పాప బడి. ధర 4 లక్షల యూరోల పైచిలుకు. ఒప్పందం డచ్చిలో వచ్చింది. ఏజెంటు పంపిన మెయిల్లో ఇంగ్లిషులో 'ప్రొవిజనల్ పర్చేజ్ ఎగ్రిమెంట్' అని ఉంది.

ప్రొవిజనల్ అంటే తాత్కాలికం. అందరికీ తెలిసిన మాటే కదా! పైగా సంతకం చేసేటప్పుడు ఒక్క యూరో చేతులు మారలేదు. మనదగ్గర కనీసం బయానా ఇస్తాం. ''అడ్వాన్సు లేని అగ్రిమెంటు ఏం అగ్రిమెంటు బావమరిదీ? అసలు కాగితం తర్వాత వస్తుందిలే అనుకున్నా'' అన్నాడు బావ. ఇద్దరూ సంతకం చేసేశారు. అమ్మేవాళ్ల సంతకం కూడా పడ్డ కాపీ గురువారం చేతికొచ్చింది.

శనివారం రాత్రి అక్క ఆ కాగితాలను ఫోన్లోని అనువాద యంత్రానికి ఎక్కించి చదువుకుంటోంది. 'వృద్ధాప్య షరతు' అని ఒకటి కనబడింది. ఇంట్లో ముసలివాళ్లు ఉండకూడదేమో, అమ్మా నాన్నా వస్తే ఎలా అనుకుంది. తీరా చూస్తే వృద్ధాప్యం ఇంటిదట. ఇల్లు పాతది, కొత్త ఇంటికుండే గట్టిదనం ఆశించకండి అని. సరే అనుకుని పేజీ తిప్పింది. అక్కడ 'లిస్ట్ ఆఫ్ కేసెస్' అని ఉంది. 

అక్క గుండె జారిపోయింది. కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్లకు ఇంటిమీద కేసు అంటే ఏమిటో వేరే చెప్పాలా! పెద్దనాన్న ఓ గోడ గురించి పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. రాత్రికి రాత్రే వెతికి, ప్రభుత్వ రిజిస్టరులో పేరున్న ఓ అనువాదకురాలికి ఆ పేజీలన్నీ పంపించింది. ఆవిడ ఆదివారం పలకలేదు. సోమవారం పొద్దున ఫోన్ చేసింది.

''కేసులేమీ లేవమ్మా. డచ్చిలో 'జాకెన్' అంటే కేసులు, వ్యాపారాలు, వస్తువులు అన్నీ. ఇది సామాన్ల జాబితా. కర్టెన్ రాడ్లు ఉంచి వెళ్తారు, గిన్నెలు కడిగే మెషిను తీసుకెళ్తారు, అంతే'' అంది. అక్క ఊపిరి పీల్చుకుంది. అప్పుడావిడ అడిగింది... ''ఇంతకీ బ్యాంకు అప్పు మంజూరైందా? ఒప్పందంలో అప్పు రాకపోతే తప్పుకునే షరతు లేదే!''

అర్ధరాత్రి దాకా గడువు

డచ్చిలో ఆ కాగితాన్ని 'ఫోర్‌లోపిఖ్ కోప్‌కాంట్రాక్ట్' అని పిలవడం జనంలో అలవాటు. ఫోర్‌లోపిఖ్ అంటే తాత్కాలికమే. ఎందుకు తాత్కాలికమంటే, దానివల్ల ఇల్లు మీది కాదు. నోటరీ ముందు రెండో దస్తావేజు మీద సంతకాలు పడి, అది భూమి రిజిస్టరులో చేరితేనే ఇల్లు మీదవుతుంది. ఇక్కడిదాకా మన చట్టం లాంటిదే. మనకూ అగ్రిమెంటుతో హక్కు రాదు, రిజిస్ట్రేషన్‌తోనే వస్తుంది. కానీ ఇల్లు మీది కాకపోయినా మాట మాత్రం మిమ్మల్ని కట్టేస్తుంది. తప్పుకుంటే ధరలో 10 శాతం జరిమానా అని ఒప్పందంలో మామూలుగా రాసుకుంటారు. అంటే అక్కావాళ్లకు 40 వేల యూరోల పైన. మన డబ్బుల్లో దాదాపు 40 లక్షలు. బందరు స్థలం అమ్మితే వచ్చింది అంతకన్నా తక్కువ!

మామూలుగా ఫలానా తేదీలోగా అప్పు దొరక్కపోతే ఒప్పందం చెల్లదని ఒక షరతు పెట్టుకుంటారు. దాన్ని మాటకు మాట ఇంగ్లిషు చేస్తే 'కరిగించే షరతు' అవుతుంది. ఒప్పందాన్నే కరిగించేది అని. పోటీలో నెగ్గాలంటే అది లేకుండా టెండరు వేయమని ఏజెంటు సలహా ఇచ్చాడు. ఇది ఎలాగూ తాత్కాలికమే కదా అని బావ సరేనన్నాడు. ఒకే ఒక్క మాట తప్పుగా అర్థం కావడం వల్ల రెండో తప్పు కూడా జరిగిపోయింది. 

ఇక మిగిలింది ఒకటే దారి. 2003 సెప్టెంబరు నుంచి అక్కడ ఇల్లు కొనే సామాన్యుడికి మూడు రోజుల ఆలోచన గడువు ఇస్తున్నారు. సంతకాలు పడ్డ కాపీ చేతికొచ్చిన మర్నాటి నుంచి లెక్క. ఆ మూడింటిలో కనీసం రెండు పనిదినాలు ఉండాలి. గురువారం కాపీ వచ్చింది కాబట్టి శుక్ర, శని, ఆదివారాలు చాలవు. సోమవారం అర్ధరాత్రి దాకా ఉంది. ఈలోగా కారణం చెప్పకుండా, పైసా కట్టకుండా తప్పుకోవచ్చు.

బావది ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం. దాన్ని శాశ్వతం చేసే ఉద్దేశం ఉందని కంపెనీ రాసిస్తేనే బ్యాంకు అప్పిస్తుంది. రాసివ్వాల్సినాయన సెలవులో ఉన్నాడు. సోమవారం పగలంతా ఫోన్లు. బ్యాంకు సలహాదారు 'ఉత్తరం చూడకుండా చెప్పలేను' అన్నాడు. అమ్మేవాళ్లు ఆ షరతు ఇప్పుడు కలపడానికి ఒప్పుకోలేదు, వాళ్లకేం ఖర్మ! రాత్రి తొమ్మిదింటికి అక్కే మెయిల్ రాసింది, తప్పుకుంటున్నామని. అందినట్టు జవాబు వచ్చేదాకా ఇద్దరూ వంటింట్లో నిలబడే ఉన్నారట.

ఉత్తరం గురువారం వచ్చింది. మూడే రోజులు! ఆ సంగతి నాకు అక్క చెప్పింది కానీ, బావ దగ్గర ఎవరూ ఎత్తరు. సైకిలుమీద వెళ్తుంటే ఓ వీధి వచ్చేసరికి ఆయన పక్కసందులోకి తిప్పేస్తాడు. నన్నడిగితే వాళ్లు చేసింది సరైన పనే. కానీ ఆ ఇంటి వంటగది ఎంత పెద్దదో అక్క ఇప్పటికీ చేతులు చాపి చూపిస్తుంది.

నోటరీ అంటే చెట్టుకింద కాదు

ఏడు నెలల తర్వాత ఇంకో ఇల్లు దొరికింది. కొంచెం చిన్నది, కొంచెం ఎక్కువ ధర. ఈసారి మొదటి కాగితం నుంచీ ఆ అనువాదకురాలినే పెట్టుకున్నారు. రిజిస్ట్రేషన్‌కు ముందురోజు ఆవిడ నన్ను ఊరు చూపిస్తానని తీసుకెళ్లింది. అరవై దాటిన మనిషి. పుట్టింది దక్షిణ అమెరికాలోని సూరినాంలో. 1873 తర్వాత కలకత్తాలో ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకు వెళ్లిన భోజ్‌పురీ కుటుంబాల్లో ఒకటి వీళ్లది. ఇంట్లో మన పప్పూ రొట్టే, బళ్లో డచ్చి, అనువాదం చేసేది ఇంగ్లిషులోకి.

''తెలియని మాటతో భయం లేదు. నిఘంటువు చూస్తారు, నన్నడుగుతారు. తెలిసినట్టుండే మాటతోనే ప్రమాదం'' అంది ఆవిడ. ఉదాహరణకు 'నొటారిస్'. ఇంగ్లిషులో నోటరీ అని రాస్తే, మా బావకు మచిలీపట్నం కోర్టు బయట చెట్టుకింద స్టాంపు కొట్టి వంద తీసుకునే ప్లీడరుగారు గుర్తొచ్చారు. డచ్ నొటారిస్ ప్రత్యేకంగా లా చదివి, రాజాజ్ఞతో నియమితుడైన మనిషి. కొనేవాడి తరఫూ కాదు, అమ్మేవాడి తరఫూ కాదు. మన డాక్యుమెంట్ రైటరూ, లింకు డాక్యుమెంట్లు చూసే వకీలూ కలిసి ఒక్కరైతే ఎలా ఉంటుందో అలా. డబ్బు కూడా ఆయన ఖాతాలోంచే పోతుంది. రిజిస్టరులో ఇల్లు శుభ్రంగా మారిందని చూసుకున్నాకే అమ్మినవాడికి చేరుతుంది. (సగం తెలుపు, సగం నలుపు అనే ప్రశ్నే లేదు. ఈ ముక్క చెబితే పెద్దనాన్న నమ్మలేదు.)

'హిపోటేక్' ఇంకా చిత్రం. అందులో 'హిపోటేక్‌ఖేవర్' అనే మాట వస్తుంది. ఖేవర్ అంటే ఇచ్చేవాడు. ఇంగ్లిషు వచ్చినవాళ్లు 'ఇల్లు తాకట్టు అప్పు ఇచ్చేది బ్యాంకు కదా' అని దాన్ని 'లెండర్'గా మార్చేస్తారు. తలకిందులు! అప్పు ఇచ్చేది బ్యాంకే, కానీ తనఖా ఇచ్చేది ఇంటాయన. నేను నవ్వి, మా భాషలో ఈ ఇబ్బంది లేదన్నాను. తాకట్టు పెట్టేది ఎవరు, పట్టేది ఎవరు అని బందరులో ఏ బంగారం కొట్టు ముందు నిలబడ్డ పిల్లాణ్నడిగినా చెబుతాడు. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుని 'పెట్టేవాడు... పట్టేవాడు...' అని డైరీలో రాసుకుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోనైతే 'ఎర్ఫ్‌పఖ్త్' అని ఇంకో తంటా. అక్కడ 1896 నుంచి పురపాలక సంఘం తన నేలను సొంతానికి అమ్మకుండా, దీర్ఘకాలం అనుభవించే హక్కు మాత్రమే ఇస్తూ వచ్చింది. ఆ నేలకు కట్టే కిస్తీని 'కానన్' అంటారు. ఇంగ్లిషులో 'లీజ్‌హోల్డ్' అని తేల్చేస్తే అద్దె ఇల్లనుకుని కొందరు పారిపోతారు, సొంతమే కదా అని కొందరు కిస్తీ లెక్క చూడకుండా కొంటారు. రెండూ తప్పే. ఇది వారసులకు వచ్చే, అమ్ముకోగల, తాకట్టు పెట్టుకోగల హక్కు. నేల మాత్రం మీది కాదు. అందుకే ఆవిడ ఒక్క మాటతో సరిపెట్టదు. డచ్చి మాట అలాగే ఉంచి, పక్కన రెండు వాక్యాలు రాస్తుంది.

పెట్టెలో పారిపోయిన లాయరు

మార్కెట్ చౌరస్తాలో ఓ కంచు విగ్రహం ముందు ఆగాం. హ్యూగో డి గ్రోట్. ప్రపంచానికి గ్రోషియస్. 1583లో ఈ ఊళ్లోనే పుట్టాడు. రాజకీయాల్లో ఓడిన పక్షాన నిలబడి 1619లో యావజ్జీవ శిక్షపడి లూవెస్టైన్ కోటలో ఖైదయ్యాడు. జైల్లో కూర్చుని చేసిన పని ఏమిటంటే, అప్పటిదాకా లాటిన్ పండితుల చేతిలో ఉన్న న్యాయశాస్త్రాన్ని డచ్చిలో రాయడం. సొంత భాషలో మాటలు లేనిచోట తయారుచేశాడు. 1621లో భార్య మారియా ఆయన్ను పుస్తకాల పెట్టెలో దాచి కోట దాటించింది. ఆ పెట్టె మా దగ్గరే ఉందని ఒకటికి మించి మ్యూజియాలు చెప్పుకుంటాయి! పుస్తకం 1631లో అచ్చయింది.

తర్వాత ఇంకో మలుపు. డచ్చివాళ్ల చట్టం ఓడలెక్కి సింహళానికీ, దక్షిణాఫ్రికాకూ వెళ్లింది. ఆ నేలలు ఇంగ్లిషువాళ్ల చేతికొచ్చినా చట్టం ఉండిపోయింది. దాంతో ఇంగ్లిషు జడ్జీలు డచ్చి చట్టాన్ని ఇంగ్లిషులో చెప్పక తప్పలేదు. 'లండన్ ఇంగ్లిషులో మాట దొరక్కపోతే నేను కొలంబో తీర్పుల్లో వెతుకుతా' అంది ఆవిడ. 

అక్కణ్నుంచి ఫ్లామింగ్‌స్ట్రాట్ అనే కాలువ వీధికి వెళ్లాం. వెర్మీర్ గీసిన 'చిన్న వీధి' బొమ్మ చాలామంది చూసే ఉంటారు. ఇటుక ఇల్లు, గుమ్మంలో కుట్టుపని చేసుకుంటున్న ఆవిడ, పక్కన రెండు సందు తలుపులు. ఆ ఇల్లు ఎక్కడుండేదని ఏళ్లతరబడి వెతికారు. 2015లో ఫ్రాన్స్ హ్రైజెన్‌హౌట్ అనే ప్రొఫెసర్ తేల్చాడు. ఎలాగో తెలుసా? పన్ను చిట్టా చూసి! 1667 నాటి ఆ పుస్తకంలో కాలువ పూడిక తీసినందుకు ఎవరింటి ముందు ఎంత వెడల్పో రాసుకున్నారు. సుమారు 6.3 మీటర్ల ఇళ్లు రెండు, మధ్య 1.2 మీటర్ల సందులు రెండు... అలాంటి జాగా ఇక్కడ 40, 42 నంబర్ల దగ్గరే కుదిరింది. అది వెర్మీర్ మేనత్త ఇల్లట. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, సందు మాత్రం ఉంది.

''మీ అక్క కొంటున్న ఇంటికీ ఇలాంటి సందే ఉంది. పక్కింటివాళ్లు సైకిళ్లు తీసుకెళ్లే దారి. దస్తావేజులో 'ఏలే పెరడు', 'సేవచేసే పెరడు' అని వస్తుంది. భయపడొద్దని మీ బావకు చెప్పు'' అంది ఆవిడ. దారి హక్కున్న ఇల్లు ఏలేది, దారి ఇచ్చే ఇల్లు సేవచేసేది. అక్కావాళ్లది సేవచేసే పెరడు. ఇల్లు ఎన్ని చేతులు మారినా ఆ దారి మూయకూడదు.

మర్నాడు గదిలో

పొద్దున అందరం ఖాళీ ఇల్లు తిరిగి చూశాం. కరెంటు, గ్యాసు మీటర్ల అంకెలు రాసుకున్నారు. కర్టెన్ రాడ్లు జాబితా ప్రకారం ఉన్నాయో లేవో అక్క లెక్కపెట్టింది. తర్వాత నొటారిస్ ఆఫీసు. డచ్చి రానివాళ్లు సంతకం చేస్తే ప్రమాణం చేసిన దుబాసీ పక్కనుండాలని చట్టం. రిజిస్టరుకు ఎక్కేది డచ్చి పత్రమే, ఇంగ్లిషు ప్రతి అర్థం చేసుకోవడానికి మాత్రమే. దుబాసీ... ఎంత మంచి మాట! బందరు రేవులో వలందాల పక్కన నిలబడి బేరాలు కుదిర్చిన మనవాళ్లను అలాగే పిలిచేవారు.

నొటారిస్ చదువుతున్నాడు. ఆవిడ చెబుతోంది. బావ ''అంటే?'' అంటున్నాడు. తనఖా దగ్గర ఒకసారి, సందు దగ్గర రెండుసార్లు, ఇంటి వయసు దగ్గర మళ్లీ ఒకసారి. అమ్మేవాళ్లు వృద్ధ దంపతులు. చివరికి ఆ పెద్దాయన కూడా నవ్వుతూ బావతోపాటే కనుబొమలు ఎగరేయడం మొదలుపెట్టాడు. ముప్పావుగంట పట్టింది. సంతకాలయ్యాయి. చివరి సంతకం నొటారిస్‌ది. తాళంచెవులు బల్లమీదికి వచ్చాయి.

బయటికి రాగానే అక్క బందరుకు వీడియో కాల్ చేసింది. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని దస్తావేజు ఫోన్లో చూపించమంది. డచ్చి అక్షరాలు కాసేపు చూసి, ''హద్దులేవే? తూర్పు ఎవరిది, పడమర ఎవరిది రాయలేదేం?'' అంది. హద్దులు రాయరని, 1832 నుంచీ ఉన్న కడాస్టర్ రిజిస్టరులో ఊరి పేరు, సెక్షను అక్షరం, నంబరు ఉంటే చాలని బావ చెప్పాడు. ఆవిడ ఒప్పుకోలేదు. నాలుగు వైపులా ఏముందో చెబితేగానీ ఫోన్ పెట్టనంది. బావ ఫోన్లో దిక్సూచి తెరిచి, కొత్త ఇంటి ముందు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు.

''తూర్పున కాలువ అత్తయ్యా... దక్షిణం పక్కింటివాళ్ల సైకిళ్ల సందు...''